ముందు హాపర్, తర్వాతే ఫ్యాన్: స్టోకర్‌తో కొలిమికి బొగ్గును సమంగా అందించడం ఎలా?

బాయిలరు కొలిమికి యంత్రంతో బొగ్గు అందించే స్టోకర్ సరిగా పనిచేయడం లేదనగానే చాలామంది చెయ్యి ముందుగా వెళ్లేది గాలిని పెంచే, తగ్గించే ఫ్యాన్ డ్యాంపర్ మీదికే. పొగ నల్లగా వస్తే గాలి పెంచుతారు, ఆవిరి ఒత్తిడి పడిపోతే, మండే బొగ్గును మోసే కడ్డీల అమరిక అయిన గ్రేటు వేగం పెంచుతారు, దాంతో బూడిదలో కాలని బొగ్గు కనబడితే మళ్లీ గాలి పెంచుతారు. వారం తిరిగేసరికి చిమ్నీ గుండా పోయే వేడి పెరుగుతుంది, గ్రేటు కడ్డీలు మాడుతాయి, అసలు జబ్బు మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. యంత్రంతో బొగ్గు వేసే ఏ కొలిమిలోనైనా గంటకు ఎన్ని కిలోలు పడుతోందన్నది సగం సంగతే. ఆ బొగ్గు గ్రేటు వెడల్పంతటా ఒకే మందంతో, పెళ్లలూ నుసీ ఒకే పాళ్లలో కలిసి పడుతోందా లేదా అన్నది మిగతా సగం, అందులోనూ పెద్ద సగం. గాలి దారి సులువుగా ఉన్నచోటికే పోతుంది. కాబట్టి ఎగుడుదిగుడుగా పడిన బొగ్గును గాలితో సరిచేయాలనుకుంటే, ఇప్పటికే ఎక్కువ గాలి అందుతున్నచోటికి ఇంకొంచెం ఎక్కువ పంపడమే జరుగుతుంది.

అందువల్ల ఈ మార్గదర్శిలో పని క్రమం బొగ్గు నడిచే దారినే అనుసరిస్తుంది: బొగ్గు, హాపర్ (బొగ్గు నిలిచే తొట్టి), గేటు (గ్రేటు మీదికి వచ్చే బొగ్గు మందాన్ని నిర్ణయించే తలుపు), గ్రేటు, గాలి, ఆ తర్వాతే కంట్రోలు. ఈ క్రమాన్ని తిరగేస్తే చేసిన పనే రెండుసార్లు చేయాల్సి వస్తుంది.

మీది ఏ రకం స్టోకర్?

వాడుకలో ఉన్న స్టోకర్లను మూడు కుటుంబాలుగా చూడవచ్చు. చెయిన్ గ్రేటులో బొగ్గు హాపర్ నుంచి గేటు కిందుగా కదిలే గొలుసు పరుపు మీదికి వచ్చి, కొలిమిలో ఒక చివర అంటుకుని రెండో చివర బూడిదగా రాలుతుంది. స్ప్రెడర్‌లో తిరిగే రోటరు బొగ్గును కొలిమిలోకి విసురుతుంది. నుసి గాలిలోనే కాలిపోతుంది, పెళ్లలు గ్రేటు మీద పడి కాలుతాయి. స్క్రూ స్టోకర్‌లో మర బొగ్గును కిందినుంచి రిటార్టు అనే మంట తొట్టిలోకి తోస్తుంది. పచ్చి బొగ్గు నుంచి వచ్చే వాయువులు పైనున్న నిప్పుల గుండా పోవడంవల్ల పొగ తక్కువ.

జాన్ జూక్స్ 1841లో పేటెంటు తీసుకున్న చెయిన్ గ్రేటుకూ నేటి చెయిన్ గ్రేటుకూ లోహంలో, మోటారులో, కొలతల్లో ఎంతో తేడా ఉన్నా పని సూత్రంలో పెద్ద తేడా లేదు. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దానిమీదే నడుస్తుంది. మిగతా రెండింటికీ వేరుగా వర్తించే విషయాలను చివర్లో చెప్పాను.

చెయ్యి పెట్టే ముందు

హాపర్‌లోకి దిగాల్సిన పని ఏదైనా స్టోకర్‌ను ఆపి, కరెంటు తీసి, తాళం వేసి, తాళంచెవి దిగే మనిషి జేబులో పెట్టుకున్నాకే మొదలుపెట్టాలి. పైకి గట్టిగా కనిపించే బొగ్గు కింద ఖాళీ ఉండవచ్చు. దానిమీద నిలబడితే మనిషితో సహా కూలిపోతుంది. పొడవాటి కడ్డీతో బయటినుంచి పొడవడం తప్ప, లోపల నిలబడి బొగ్గును కదపడం ఎన్నటికీ పనికిరాదు. మంట ఉన్న కొలిమి తలుపు తెరిచేముందు పొగను చిమ్నీవైపు పంపే ఐడీ ఫ్యాన్ లాగుతోందో లేదో గేజిలో చూసుకోవాలి, తలుపుకు ఎదురుగా కాక పక్కకు నిలబడాలి, రంగు అద్దం వాడాలి. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు కనుక స్టోకర్ ముందు పనిచేసేవారి దగ్గర దాన్ని పసిగట్టే మీటరు ఉండటం తప్పనిసరి.

మొదటి మెట్టు: బూడిదను చదవడం

ఏ సర్దుబాటూ చేయకుండా, కొలిమి మామూలు లోడు మీద నడుస్తుండగా, రెండు మూడు షిఫ్టులపాటు చూడటం మాత్రమే చేయండి. గ్రేటు వెనక చివర, బూడిద రాలేచోట ఉన్న చూపుడు రంధ్రం దగ్గర నిలబడితే మీకు కావలసిన సమాచారం ముప్పాతిక వంతు అక్కడే దొరుకుతుంది. ఆరోగ్యంగా ఉన్న మంట గ్రేటు వెడల్పంతటా దాదాపు ఒకే అడ్డగీత మీద ముగుస్తుంది. ఆ గీత తర్వాత చివరి అర మీటరు ఎర్రదనం చల్లారిన బూడిదే ఉంటుంది. సమస్య ఉన్న మంట అంచు నాలుకల్లా ఉంటుంది: పక్కల ముందే ఆరిపోయి బూడిద కనిపిస్తుంటే, నడుమ మాత్రం నల్లటి చార ఒకటి చివరిదాకా వచ్చి, లోపల ఇంకా రగులుతూనే బూడిద గోతిలోకి రాలిపోతుంది. ఆ చార ఎక్కడ ఉందో, ఎంత వెడల్పు ఉందో కాగితం మీద గీసి పెట్టుకోండి. రోజూ ఒకేచోట ఉంటే తప్పు హాపర్‌లోనో గేటులోనో ఉందని అర్థం. చోటు మారుతుంటే బొగ్గులోనే తేడా ఉంది.

తర్వాత చల్లారిన క్లింకరు (కరిగి గట్టిపడిన బూడిద) పెళ్ల ఒకదాన్ని సుత్తితో పగలగొట్టి చూడండి. పైన బూడిదరంగు పెంకు, లోపల మెరిసే నల్లటి గింజ కనిపిస్తే, బూడిద కరిగి బొగ్గును చుట్టేసి గాలి అందకుండా చేసిందన్నమాట. లోపలిదాకా గాజులా నున్నగా కరిగి ఉంటే ఆచోట వేడి మరీ మించింది. పెళుసుగా, రంధ్రాలతో, లేత గోధుమరంగులో పొడిపొడిగా రాలిపోతే అది సరిగా కాలిన బూడిద. ప్రయోగశాల నివేదిక వచ్చేలోపు మనకు ఉన్న పరీక్ష ఇదే, అది తప్పు చెప్పడం నేను చాలా అరుదుగా చూశాను.

అయినా అంకె కూడా కావాలి. గ్రేటు ఎడమ, నడుమ, కుడి భాగాల నుంచి విడివిడిగా కిలో చొప్పున బూడిద తీసి, ఆరబెట్టి, పొడి చేసి, తూచి, సుమారు 750 డిగ్రీల సెల్సియస్ దగ్గర మఫిల్ ఫర్నేసులో (ప్రయోగశాలలోని మూసిన కొలిమిలో) బరువు మారనంతవరకు కాల్చండి. తగ్గిన బరువు దాదాపుగా కాలని కార్బన్. మూడు నమూనాలనూ కలిపేస్తే సగటు వస్తుంది కానీ రోగం దాగిపోతుంది కనుక విడిగానే ఉంచాలి.

ఈ అంకెకు ఇంత విలువ ఎందుకో ఒక లెక్కతో చూద్దాం. గంటకు 1,152 కిలోల బొగ్గు, అందులో 30 శాతం బూడిద, కిలోకు 4,500 కిలోకేలరీల వేడి అనుకుందాం. గంటకు వచ్చే బూడిద సుమారు 346 కిలోలు. అదంతా గ్రేటు చివరే రాలుతోందనుకుని, రాలిన దానిలో 20 శాతం కార్బన్ ఉంటే, గంటకు 86 కిలోల కార్బన్ గోతిలో పడుతున్నట్టు. కార్బన్ వేడి కిలోకు సుమారు 8,080 కిలోకేలరీలు కాబట్టి ఇది లోపల వేసిన మొత్తం వేడిలో 13 శాతం పైమాటే. అదే కార్బన్‌ను 5 శాతానికి తగ్గిస్తే నష్టం 3 శాతం లోపుకు దిగుతుంది. ఫ్యాన్ డ్యాంపర్ ఎంత తిప్పినా ఇంత లాభం చేతికి రాదు.

రెండో మెట్టు: నిజంగా ఎంత బొగ్గు పోతోంది?

చెయిన్ గ్రేటు ఒక విధంగా తూకం వేసే యంత్రమే. గ్రేటు వెడల్పును, గేటు కింద బొగ్గు మందాన్ని, గ్రేటు వేగాన్ని గుణిస్తే నిమిషానికి పోయే ఘనపరిమాణం వస్తుంది. దాన్ని బొగ్గు రాశి సాంద్రతతో గుణిస్తే బరువు వస్తుంది. వెడల్పు 2 మీటర్లు, మందం 120 మిల్లీమీటర్లు, వేగం నిమిషానికి 100 మిల్లీమీటర్లు, సాంద్రత ఘనపు మీటరుకు 800 కిలోలు అయితే నిమిషానికి 19.2 కిలోలు, గంటకు 1,152 కిలోలు. కాలే పొడవు 4 మీటర్లయితే ప్రతి ముక్కకూ కొలిమిలో దొరికే సమయం 40 నిమిషాలు, చదరపు మీటరు గ్రేటు మీద గంటకు కాలేది 144 కిలోలు. ఈ 40 నిమిషాల సంగతి గుర్తుంచుకోండి, కంట్రోలు దగ్గర మళ్లీ పనికొస్తుంది.

వేగాన్ని డయలు చూసి రాసుకోకూడదు. పక్క చట్రం మీద మీటరు దూరంలో రెండు గీతలు గీసి, గొలుసు లింకు మీద సుద్దగుర్తు పెట్టి, గడియారంతో కొలవాలి. సాంద్రత కోసం తెలిసిన కొలత ఉన్న డబ్బాను హాపర్‌లో పడే బొగ్గుతోనే, అదమకుండా నింపి తూచాలి. ఇలా వచ్చిన అంకెను రోజంతా యార్డు నుంచి వచ్చిన బొగ్గు తూకంతో పోల్చండి. లెక్క కంటే అసలు వాడకం బాగా తక్కువగా ఉంటే, గేటు వెనక బొగ్గు అప్పుడప్పుడూ ఆగిపోయి గ్రేటు ఖాళీగా నడుస్తోందని అనుమానించాలి.

మూడో మెట్టు: ముక్క పరిమాణం, తడి

ఫోర్స్‌డ్ డ్రాఫ్ట్ (ఫ్యాన్‌తో పంపే గాలి) ఉన్న చెయిన్ గ్రేటుకూ, స్ప్రెడర్‌కూ 15 నుంచి 25 మిల్లీమీటర్ల ముక్క అనుకూలం; సహజ డ్రాఫ్ట్ (చిమ్నీ తనంతట లాగే గాలి) మీద నడిచే చెయిన్ గ్రేటుకు 25 నుంచి 40 మిల్లీమీటర్లు. ఆచరణలో అంతా ఒకే సైజు రాదు. పైన మించిన పెళ్ల కొలిమిలో ఉన్న సమయంలో కాలి ముగియదు, కింద మించిన నుసి గాలిదారిని మూసేస్తుంది. 6 మిల్లీమీటర్ల జల్లెడ నుంచి జారిపోయే భాగాన్ని నుసిగా లెక్కపెట్టి, ప్రతి లారీ నుంచి నమూనా తీసి జల్లించి రాసుకునే అలవాటు ఉంటే, తర్వాతి మెట్లలో కనిపించే వింతల్లో సగానికి కారణం ఆ పుస్తకంలోనే దొరుకుతుంది. క్రషర్ ముందు జల్లెడ పెట్టి, ఇప్పటికే సరిపడా సైజులో ఉన్న బొగ్గును పక్కదారిన పంపడం చాలా లాభకరం. అన్నిటినీ క్రషర్‌లోకి తోస్తే మంచి ముక్క కూడా నుసిగా మారుతుంది.

నుసిని ఎలాగూ పూర్తిగా తప్పించలేం కనుక తడి పెట్టడం నేర్చుకోవాలి. బొగ్గును తడపడమేమిటి, నీటిని ఆవిరి చేయడానికి వేడి ఖర్చు కాదా అని కొత్తవారు అడుగుతారు. అవుతుంది, కాని ఒక శాతం నీటికి కిలో బొగ్గు మీద పోయేది సుమారు 6 కిలోకేలరీలు మాత్రమే. ఆ తడివల్ల నుసి పెద్ద ముక్కలకు అంటుకుని, గ్రేటు మీది బొగ్గు పరుపు గుల్లగా మారి, గాలి సమంగా దూరుతుంది. కడ్డీల సందుల్లోంచి జారిపోయే బొగ్గూ, చిమ్నీకి ఎగిరిపోయే నుసీ తగ్గుతాయి. నుసి 10 నుంచి 15 శాతం ఉంటే పైతడి 4 నుంచి 5 శాతం, నుసి 15 నుంచి 20 శాతమైతే తడి 5 నుంచి 6 శాతం, 20 నుంచి 25 అయితే 6 నుంచి 7, 25 నుంచి 30 అయితే 7 నుంచి 8 శాతం ఉండాలన్నది ఆచరణలో నిలిచిన కొలత. నీటిని హాపర్‌లో గొట్టం పెట్టి పోయడం మాత్రం తడపడం కాదు. పై పొర బురదవుతుంది, అడుగు పొడిగానే ఉంటుంది. కన్వేయరు మీదో, యార్డులోనో సన్నని జల్లుగా, కొన్ని గంటల ముందే పెట్టి నాననివ్వాలి. సరిగా తడిసిన నుసిని గుప్పిట్లో పిసికితే ముద్ద నిలుస్తుంది, వేలితో తాకగానే విరుగుతుంది, అరచేతికి నీరు అంటదు.

బొగ్గు గుణం గురించి రెండే మాటలు. కాలేటప్పుడు గట్టిగా ఉబ్బి ముద్దకట్టే బొగ్గు, పరుపును కదిపే ఏర్పాటు లేని చెయిన్ గ్రేటుకు తగదు. బూడిద 5 శాతం లోపు ఉన్న మరీ మేలురకం బొగ్గు కూడా ఇక్కడ మేలు చేయదు, ఎందుకంటే కడ్డీలను నిప్పు నుంచి కాపాడే బూడిద పొర మిగలదు.

నాలుగో మెట్టు: హాపర్ — అసలు కథ ఇక్కడే

ఒకసారి హాపర్ పైన నిలబడి, చ్యూట్ (బొగ్గు జారే గొట్టం) నుంచి బొగ్గు పడటం ఐదు నిమిషాలు కదలకుండా చూడండి. ధార పడినచోట గుట్ట లేస్తుంది. నుసి పడినచోటే దిగబడి ఉండిపోతుంది. పెళ్లలు మాత్రం గుట్ట వాలు మీదుగా టకటకమని దొర్లుకుంటూ అంచులకు చేరి గోడను తాకి ఆగుతాయి. నిమిషాల్లో హాపర్ నడుమ నల్లటి మెత్తటి స్తంభం, రెండు పక్కలా గుల్లగా పెళ్లల వరస తయారవుతాయి. హాపర్ కిందినుంచి బొగ్గు దిగేది దాదాపు నిట్టనిలువుగా కనుక ఈ అమరిక చెక్కుచెదరకుండా గ్రేటు మీదికి వస్తుంది. ఇప్పుడు మొదటి మెట్టులో గీసుకున్న బొమ్మను తీయండి: పక్కల ముందే ఆరిపోయిన మంట, నడుమ నల్లటి చార. రెండూ ఒకదాని కింద ఒకటి సరిపోతే మీకు ఫ్యాన్ నిపుణుడు అక్కరలేదు, చ్యూట్ మార్చే వెల్డరు కావాలి.

ఈ విడిపోవడాన్ని తగ్గించే మార్గాల్లో మొదటిది, గ్రేటు వెడల్పంతటా అటూ ఇటూ తిరిగే చ్యూట్. బొగ్గు ఒక్కచోట గుట్ట కాకుండా పొడవాటి గట్టులా పేరుకుంటుంది. పెళ్లలు అప్పుడు గట్టుకు ముందువైపూ వెనకవైపూ దొర్లుతాయి తప్ప ఎడమకూ కుడికీ పోవు. ముందు వెనకల తేడా గ్రేటు మీద ఒకే నిలువు చారలో కలిసిపోతుంది కనుక దానితో ఇబ్బంది లేదు. అయితే తిరిగే చ్యూట్ చివర్లలో ఎక్కువసేపు ఆగకూడదు; ఆగితే అక్కడ రెండు గుట్టలు లేచి, ఒక జబ్బు పోయి రెండు జబ్బులు వచ్చినట్టవుతుంది. రెండో మార్గం, కదిలే భాగాలేవీ లేని శంఖాకారపు పంపిణీ చ్యూట్. పైన సన్నగా మొదలై గ్రేటు వెడల్పంతా విచ్చుకునే దీని ఆకారంవల్ల నుసీ పెళ్లలూ కలిసే దిగుతాయి. పైన స్థలం ఉన్నచోట నేను దీనికే మొగ్గుతాను, గ్రీజు పెట్టే పనీ బేరింగు మార్చే పనీ ఉండవు కనుక.

రెండిట్లో ఏదీ ఇప్పట్లో కుదరకపోతే కనీసం హాపర్‌ను సగానికి తగ్గకుండా ఉంచండి. ఖాళీ హాపర్‌లోకి ఎత్తునుంచి బొగ్గు పడితే పెళ్లలు ఇంకా దూరం దొర్లుతాయి, కొన్ని పగిలి నుసి కూడా పెరుగుతుంది. షిఫ్టుకు రెండుసార్లు నిండుగా నింపడం కంటే, అరగంటకోసారి కొంచెం కొంచెం నింపడం మేలు.

బొగ్గు హాపర్‌కు చేరకముందే విడిపోయి ఉండవచ్చన్నది చాలామందికి తట్టని సంగతి. కన్వేయరు బెల్టు అదురుకు నుసి అడుగుకు దిగుతుంది, పెళ్లలు పైకి తేలుతాయి. బెల్టు చివర బొగ్గు ఎగిరి పడేటప్పుడు పైనున్న పెళ్లలు దూరంగా, నుసి దగ్గరగా పడతాయి. బెల్టు గ్రేటుకు అడ్డంగా వస్తుంటే ఒక పక్క అంతా పెళ్లలే, రెండో పక్క అంతా నుసే చేరుతుంది. బెల్టు చివర ఒక అడ్డుపలక పెట్టి ధారను దానికి కొట్టించి, నేరుగా కిందికి పడేలా చేస్తే చాలావరకు సర్దుకుంటుంది.

ఇక బొగ్గు దిగకుండా అటకాయించడం. తడి బొగ్గుకు చ్యూట్ గోడలు కనీసం 60 డిగ్రీల వాలుతో ఉండాలంటారు. కాని రెండు 60 డిగ్రీల గోడలు కలిసే మూలలో అసలు వాలు సుమారు 51 డిగ్రీలే. బొగ్గు ఎప్పుడూ మూలల్లోనే ముందు అంటుకునేది ఇందుకే. మూలలను గుండ్రంగా చేయడం, లోపల స్టెయిన్‌లెస్ స్టీలు రేకు పరచడం, వెల్డింగు గడ్డలను గ్రైండరుతో నునుపు చేయడం అనే మూడు పనులతో చాలా హాపర్లు దారికి వస్తాయి. వైబ్రేటరు పెట్టేముందు ఆలోచించాలి: కింద బొగ్గు కదలనప్పుడు దాన్ని ఆడిస్తే, తడి నుసిని ఇంకా గట్టిగా దట్టించినట్టవుతుంది.

ఐదో మెట్టు: గేటు, పరుపు మందం, గ్రేటు

కొలిమి చల్లగా ఉన్నప్పుడు గేటు కింద ఖాళీని ఎడమ, నడుమ, కుడి వైపుల కొలబద్దతో కొలవండి. వేడికి గేటు వంగడం, ఒకవైపు గొలుసు సాగడం మామూలే. ఒకవైపు 125 మిల్లీమీటర్లు, రెండోవైపు 110 ఉంటే, చూపుకు తెలియని ఆ తేడాతో ఒక పక్కకు 13 శాతానికి పైగా ఎక్కువ బొగ్గు పోతుంది. గేటును సమం చేశాక బయట ఉన్న సూచికను కూడా కొత్తగా గుర్తించాలి, లేకపోతే షిఫ్టువారు పాత అంకెనే నమ్ముతారు.

మందం ఎంత ఉండాలన్నదానికి, 100 నుంచి 150 మిల్లీమీటర్ల మధ్య మొదలుపెట్టి బొగ్గునుబట్టి సర్దుకోవడమే పద్ధతి. నుసి ఎక్కువైతే మందం తగ్గించాలి, పెళ్లలు ఎక్కువైతే పెంచాలి. మందాన్ని బొగ్గుకోసం, వేగాన్ని లోడుకోసం మార్చాలన్న నియమాన్ని స్టోకర్ ముందు పలక మీద రాయించినా తప్పులేదు. ఆవిరి కావాలని గేటు ఎత్తేవాడు, పావుగంట తర్వాత నల్లటి మంటతో తంటాలు పడుతుంటాడు.

బొగ్గు గేటు దాటి కొలిమిలోకి వచ్చిన 300 మిల్లీమీటర్ల దూరంలోపు పైపొర అంటుకోవాలి. దాన్ని అంటించేది ముందు ఆర్చి (కొలిమి ముందుభాగపు ఇటుక కమాను) నుంచి ప్రసరించే వేడి. మంట పైనుంచి కిందికి దిగుతుంది, గాలి కిందినుంచి పైకి వస్తుంది. ఆర్చి ఇటుకలు రాలిపోయినా, దానిమీద బూడిద పేరుకున్నా అంటుకోవడం ఆలస్యమై మొత్తం మంట వెనక్కి జరుగుతుంది. గ్రేటు పక్క సీళ్లు, వెనక బూడిద రాలేచోటి సీలు, విరిగిన కడ్డీల ఖాళీలు కూడా ఈ మెట్టులోనే బాగుచేయాలి. కడ్డీల సందుల్లోంచి జారిన బొగ్గును రోజూ తీసి తూచి, తిరిగి యార్డు బొగ్గులో కలపండి. అది కింద పేరుకుంటే అక్కడే అంటుకుని గ్రేటును అడుగునుంచి కాలుస్తుంది.

ఆరో మెట్టు: గాలి

ఇప్పుడు ఫ్యాన్ దగ్గరికి రావచ్చు. గ్రేటు కింది గాలి గదుల్లో మొదటిదానికి చాలా కొద్దిగా మాత్రమే గాలి ఇవ్వాలి. ఎక్కువిస్తే ఇంకా అంటుకోని బొగ్గు చల్లబడుతుంది. రెండో, మూడో గదులకు ఎక్కువ, ఆపైన తగ్గిస్తూ పోయి, చివరి గదికి బూడిదలోని ఆఖరి నిప్పు ఆరేంత మాత్రం ఇవ్వాలి. గదుల మధ్య గోడలు కారుతుంటే ఈ సర్దుబాటుకు అర్థం ఉండదు కనుక, ఒక్కొక్క డ్యాంపర్‌ను మూసి ఆ గదిలో ఒత్తిడి నిజంగా పడుతోందో లేదో ముందుగా చూసుకోవాలి. పరుపు పైన మండే వాయువులను కలియబెట్టడానికి మొత్తం గాలిలో పదో వంతు అటూ ఇటూ, సన్నటి నాజిళ్ల గుండా జోరుగా పంపాలి. నల్లపొగకు మందు చాలాసార్లు కింది గాలి కాదు, ఈ పైగాలే.

కొలిమిలో డ్రాఫ్ట్ నీటి కొలతలో 2 నుంచి 5 మిల్లీమీటర్ల లాగుడు చాలు. అంతకు మించి లాగితే తలుపులనుంచీ బూడిద గోతినుంచీ పనికిరాని గాలి చొరబడుతుంది. మొత్తం గాలి సరిపోయిందో లేదో ఫ్లూ వాయువులోని (చిమ్నీకి పోయే పొగలోని) ఆక్సిజన్ చెబుతుంది: ఆక్సిజన్ శాతాన్ని, 21 లోంచి ఆ శాతం తీసేయగా మిగిలినదానితో భాగించి 100తో గుణిస్తే అదనపు గాలి శాతం వస్తుంది. ఆక్సిజన్ 11 ఉంటే అదనపు గాలి 110 శాతం, 7 ఉంటే 50 శాతం. చెయిన్ గ్రేటుకు 15 నుంచి 50, స్ప్రెడర్‌కు 30 నుంచి 60, స్క్రూ స్టోకర్‌కు 20 నుంచి 50 శాతం వాడుకలో ఉన్న పరిధులు. బొగ్గు సమంగా పడటం మొదలైతే, కార్బన్ మోనాక్సైడ్ పెరగకుండానే ఆక్సిజన్ దిగిరావడం మీకే కనిపిస్తుంది. దిగకపోతే నాలుగో మెట్టు ఇంకా పూర్తికాలేదని అర్థం.

స్ప్రెడర్ అయితే

ఇక్కడ సమానత్వం హాపర్‌లో కంటే విసురులో ఉంటుంది. కొలిమి ఆపి ఉన్నప్పుడు గ్రేటు మీద ఒకే కొలత రేకు పళ్లేలను వరసలుగా పేర్చి, ఫీడర్లను కొన్ని నిమిషాలు నడిపి, ఏ పళ్లెంలో ఎంత పడిందో తూచి చూడటం కంటే నమ్మకమైన పరీక్ష లేదు. వెనక గోడ దగ్గర గుట్టపడితే రోటరు వేగం తగ్గించాలి, ముందు గుట్టపడితే పెంచాలి లేదా బొగ్గును రోటరు మీదికి జార్చే స్పిల్ ప్లేటు జరపాలి. రెండు ఫీడర్ల మధ్య తేడా ఉంటే బ్లేడ్ల అరుగుదల చూడాలి. కొత్త బ్లేడ్లు, అరిగిన బ్లేడ్లు ఒకే రోటరు మీద కలపకూడదు. నుసి ఎక్కువైతే గాలిలో కాలీకాలక చిమ్నీవైపు ఎగిరిపోతుంది కనుక ఎగిరే బూడిదలో కార్బన్‌ను కూడా కొలవాలి. పరుపు పలచగా, బూడిదతో కలిపి 50 నుంచి 100 మిల్లీమీటర్లు ఉంటే చాలు.

స్క్రూ అయితే

హాపర్‌లో బొగ్గు మట్టం సమంగా దిగకుండా, వెనక మూలలోనే గొయ్యి పడుతుంటే స్క్రూ పిచ్ (చుట్ల మధ్య దూరం) అంతటా ఒకటేనని అర్థం. అలాంటి స్క్రూ వెనక చివరే నిండిపోయి, ముందుభాగం నుంచి బొగ్గు తీసుకోదు. కొలిమివైపు పోయేకొద్దీ పిచ్ పెరిగే స్క్రూ వేస్తే హాపర్ అంతటా సమంగా దిగుతుంది. రాయో బోల్టో అడ్డుపడి, భారం మించినప్పుడు ముందుగా తెగి యంత్రాన్ని కాపాడే షియర్ పిన్ తెగితే, అదే కొలత, అదే లోహం ఉన్న పిన్ను మాత్రమే వేయాలి. మాటిమాటికీ తెగుతోందని గట్టి బోల్టు బిగిస్తే ఈసారి తెగేది గేర్‌బాక్సు. బొగ్గు వచ్చే దారిలో అయస్కాంతం పెట్టడమే దానికి విరుగుడు. నిప్పు స్క్రూ వెంబడి వెనక్కి పాకి హాపర్‌లోకి రావడం ఈ రకంలో ఉన్న పెద్ద ప్రమాదం. హాపర్ మూత గాలి చొరబడకుండా మూసి ఉంచాలి, ఎక్కువసేపు ఆపాల్సి వస్తే స్క్రూను ఖాళీ అయ్యేదాకా నడిపి ఆపాలి.

చివరి మెట్టు: కంట్రోలు

గ్రేటు మోటారుకు వేగం మార్చే డ్రైవు పెట్టి, ఆవిరి ఒత్తిడికి ముడివేస్తే పని అయిపోయిందనుకోవడం తొందరపాటు. ముందు లెక్కలో 40 నిమిషాలు వచ్చింది కదా: ఈ క్షణం వేగం పెంచితే కొత్తగా వచ్చిన బొగ్గు ప్రభావం నెమ్మదిగానే తెలుస్తుంది, వెంటనే స్పందించేది పరుపు మీద ఇప్పటికే రగులుతున్న బొగ్గుకు అందే గాలి. అందుకే లోడు పెరిగేటప్పుడు గాలి ముందు కదలాలి, బొగ్గు దాని వెనక రావాలి. లోడు తగ్గేటప్పుడు బొగ్గు ముందు తగ్గాలి, గాలి వెనక తగ్గాలి. వేగంలో మార్పును మెట్లుమెట్లుగా కాక నెమ్మదైన వాలుగా, కనిష్ఠ, గరిష్ఠ హద్దుల మధ్య జరిగేలా కట్టండి. కనిష్ఠ హద్దు లేకపోతే లోడు పడిపోయినప్పుడు గ్రేటు ఆగి, నిప్పు గేటు కిందికి పాకుతుంది.

ఈ మెట్లన్నిటిలోనూ ఒకసారికి ఒక్క మార్పే చేయండి, చేశాక గ్రేటు మీది బొగ్గు కనీసం రెండుసార్లు పూర్తిగా మారేవరకు, అంటే మన ఉదాహరణలో గంటా ఇరవై నిమిషాలు, ఇంకేదీ తాకకండి. ఆ తర్వాత మళ్లీ వెనక చివర చూపుడు రంధ్రం దగ్గరికి వెళ్లి, మంట అంచును కాగితం మీద గీసి, పాత బొమ్మ పక్కన అంటించండి. కొత్త గని బొగ్గు వచ్చిన రోజు మాత్రం పాత సెట్టింగులు నమ్మకుండా, జల్లెడ పట్టుకుని మూడో మెట్టు నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.